ముక్కుకు తొడుగు కట్టుకుని తమ్ముడి ఊరికి

హైదరాబాద్ నుంచి నాగర్‌కర్నూల్‌కు నేరుగా బస్సుంది. మూడున్నర గంటల్లో దింపేస్తుంది. నేను మాత్రం గద్వాల తిరిగి, వనపర్తి తిరిగి, నాలుగో రోజుకు చేరాను. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టన్నమాట. నిజానికి అలా తిరగడానికి కారణం కూడా నా ముక్కే.

బయలుదేరడానికి పన్నెండు రోజుల ముందు నాకో యంత్రం వచ్చింది. అంతకు ముందు డాక్టరు నన్ను ఒక రాత్రి దవాఖానలో పడుకోబెట్టి, తలకూ ఛాతీకీ తీగలు అతికించి, తెల్లారి సంగతి చెప్పాడు. నిద్రలో నా గొంతు మూసుకుపోతోందట. గంటకు నలభైసార్ల పైనే ఊపిరి ఆగుతోందట. గురక అనుకుని ఇంట్లో ఇన్నేళ్లూ నవ్వుకున్నది, గాలి అందక నేను చేస్తున్న పెనుగులాట. దీనికి మందుబిళ్ల లేదు. చిన్న పెట్టెలాంటి యంత్రం, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే తొడుగు. రాత్రంతా అది గాలి నెడుతూ గొంతును తెరిచి ఉంచుతుంది. సీపాప్ అంటారు. "అలవాటు పడాలి, అంతే" అన్నాడు డాక్టరు. ఆ 'అంతే' ఎంతో ఆయన చెప్పలేదు.

ఆయన చెబుతున్నంతసేపూ నాకు మా నాయన గుర్తొస్తున్నాడు. నలభై ఎనిమిదో ఏట నిద్రలోనే పోయాడు. ఆయన గురకకు వాకిట్లో కట్టేసిన బర్రె తలెత్తి చూసేది. "నిద్రల పోయిండు, పుణ్యాత్ముడు" అని ఊరంతా అంది. మేమూ అదే అనుకున్నాం. ఆ తర్వాత తమ్ముడు కుర్మయ్య గుర్తొచ్చాడు. నాగర్‌కర్నూల్‌లో జీపు నడుపుతాడు, చుట్టుపక్కల ఊళ్లకు జనాన్ని చేరవేస్తాడు. నలభై ఆరేళ్లు. నాయన మెడే, నాయన గురకే. మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీస్తాడు. మొన్న ఎండాకాలంలో స్టీరింగ్ మీదే కునికి, జీపును రోడ్డు దింపి దున్నిన చెల్కలోకి తోలాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది వాడి అదృష్టం, ఎక్కినవాళ్ల అదృష్టం.

ఫోన్ చేసి దవాఖానకు రమ్మన్నాను. వాడు ఒక్కటే అడిగాడు. "నువ్వు అది పెట్టుకొని రాత్రంత పండుకుంటున్నవా అన్నా?"

"పండుకుంటున్న" అన్నాను.

అది అబద్ధం. పన్నెండు రాత్రుల్లో ఒక్కటి కూడా గంటన్నర దాటలేదు. తెల్లారేసరికి తొడుగు మంచం కింద, నేను నోరు తెరుచుకుని మంచం మీద. "అయితె వచ్చి సూపియ్యి, సూసినంక వస్త" అన్నాడు. చూపించడానికి నా దగ్గరేముంది? బంధువుల పెళ్లికి గద్వాల చీర కావాలని మా ఆవిడ అనడం సాకుగా దొరికింది. తమ్ముడి ఇంట్లో పడుకునేలోపు దారిలో ఎక్కడో ఒకచోట ఒక్క రాత్రన్నా నిండుగా నిద్రపోవాలని సంచీ సర్దుకున్నాను.

గద్వాల

రైలు దిగి లాడ్జిలో అడుగుపెట్టగానే మేనేజర్ కరీం సాబ్ కళ్లు నా సంచీ మీద పడ్డాయి. అరవై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, చేతిలో తాళాల గుత్తి. జిప్పు సందులోంచి యంత్రం మూల కనబడింది.

"గిదేంది సాబ్, సీడీ ప్లేయరా? మా లాడ్జిల గసుంటివి నడ్వయ్."

కాదు, నిద్రలో ఊపిరి ఆడేందుకు అని చెప్పాను. చెప్పకుండా సీడీ ప్లేయరే అని ఒప్పుకున్నా బాగుండేదేమో. ఆయన ముఖం ఇంకా వాడిపోయింది. "అంత సీరియస్ ఉంటె ఒక్కరే ఎట్ల వచ్చిండ్రు? ఇంట్ల ఎవరు లేరా?" అన్నాడు. చివరికి తన బల్ల పక్కనున్న గదే ఇచ్చాడు. తలుపు దగ్గరికి వెయ్యమన్నాడు గానీ గొళ్లెం పెట్టొద్దన్నాడు. గోడకున్న ప్లగ్గులో నా పిన్ను దూరలేదు. ఆయనే బజారుకు పోయి ఇంకో ప్లగ్గు కొనుక్కొచ్చి, స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడ ముందు గొంతుకూర్చున్నాడు. పైసలు ఇవ్వబోతే చేత్తో తోసేశాడు.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంటులో ఎదురింటాయన పేరు నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఇక్కడ సంచీలో ఏముందో, ఒంట్లో ఏముందో, ఇంట్లో ఎవరున్నారో మొదటి పది నిమిషాల్లోనే చెప్పుకోవాలి. మొదట చిరాకేసింది. పొద్దున్నే ఆయన టీ పట్టుకుని వచ్చేసరికి ఆ చిరాకు పోయింది.

"రాత్రి మొదలు మిషిన్ సప్పుడు ఇన్న" అన్నాడు. "గంట అయినంక మీ సప్పుడు ఇన్న. నారాజ్ కావద్దు సాబ్, మిషినే నయం ఉండె."

అంటే మళ్లీ పీకేశానన్నమాట. ముక్కు పక్కన రెండు వైపులా ఎర్రటి గాట్లు. గాలి పక్కనుంచి కారి కంట్లోకి కొడుతోందని పట్టీలు బిగిస్తాను, బిగించేకొద్దీ నొప్పి, నొప్పికి నిద్రలో చెయ్యి తనంతట తానే పైకి పోయి లాగేస్తుంది.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని చీర కోసం ఒక నేతగాడి ఇంటికి పోయాను. బొరుగులు నానబెట్టి పోపు వేసే ఆ ఉగ్గానిని మా హైదరాబాద్ హోటళ్లు ఎందుకు పట్టించుకోవో నాకిప్పటికీ అర్థం కాదు. నేతగాడు చాప పరిచి చీరలు ఒక్కొక్కటే విప్పాడు. ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ ఒక్కో పోగుకూ మెలివేసి కలుపుతారట, అందుకు మగ్గం దగ్గర ఇద్దరు కావాలట. ఆయన ఎంతో ఇష్టంగా చెబుతున్నాడు. నేను వింటూ వింటూ నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి గోడకు ఆనుకుని ఉన్నాను. చీరలన్నీ మడిచి ఉన్నాయి. టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పి ఉంది. ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"మగ్గం ఆడిస్తె సప్పుడైతది, లేస్తరని ఆపిన" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. నేను పడుకున్నంతసేపు ఆ మనిషి పని ఆగిపోయింది. బేరం ఆడే ముఖం లేక, చెప్పిన ధరే ఇచ్చి బయటపడ్డాను.

వనపర్తి

జూరాల దగ్గర బస్సు ఆగితే కృష్ణ చేపల పులుసుతో అన్నం తిన్నాను. వానాకాలం, నది ఎర్రగా ఉంది. వనపర్తి చేరేసరికి పొద్దు వాలింది. నా యంత్రానికి ఒక నీళ్ల గిన్నె ఉంటుంది, అందులో శుద్ధి చేసిన నీళ్లు పోస్తే గాలి ఎండిపోకుండా వస్తుంది. ఇంటి నుంచి తెచ్చిన సీసా అయిపోయింది. బస్టాండు పక్కన బ్యాటరీలు బాగుచేసే దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ అని బోర్డు చూసి అడిగాను.

"ఏం బండికి?" అన్నాడు దుకాణంలోని మనిషి, నూనె చేతులు తుడుచుకుంటూ.

"బండికి కాదు, నేను పీల్చుకోనీకె."

ఆయన అప్పటికే చేతిలోకి తీసుకున్న డబ్బాను తిరిగి అరలో పెట్టాడు. "ఇయ్యను. బ్యాటరీకి ఏది పోసినా నడుస్తది, మనిషికి నడ్వది. మెడికల్ షాపుల అడుగుండ్రి." నాలుగు షాపులు తిరిగితే చివరిదాంట్లో దొరికింది.

ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పేది లేదు. కళ్లు మూతపడుతుండగా కరెంటు పోయింది. గాలి ఆగేసరికి ముక్కు మీద ఎవరో అరచెయ్యి పెట్టినట్టయి లేచి కూర్చున్నాను. కరెంటు వచ్చినా మళ్లీ తగిలించుకోబుద్ధి కాలేదు. పొద్దున్నే కుర్మయ్య ఫోన్.

"యాడున్నవ్ అన్నా?"

"వనపర్తిల."

"గద్వాల నుంచి ఇటు రానీకె ఇన్ని దినాలా? నడిసి వస్తున్నవా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు మధ్యలో ఒక ఆవలింత వినిపించింది. వెనకాల జీపు ఇంజను ఆడుతున్న చప్పుడు కూడా వినిపించింది. వాడు ఆ పూట జనాన్ని ఎక్కించుకుని బయలుదేరుతున్నాడు. నా నిద్ర కోసం నేను దారులు వెతుక్కుంటున్నాను, ఈ లోపు వాడు రోజుకు నాలుగు ట్రిప్పులు కొడుతున్నాడు. ఇంకొక్క రాత్రి, అంతే, ఆ తర్వాత నిద్రపోయినా పోకపోయినా వాడి దగ్గరికి పోవాల్సిందే అనుకున్నాను.

గోపాల్‌పేట

బాలకిష్టయ్యా నేనూ ఒక బెంచీ మీద చదువుకున్నాం. ఆయన చదువు ఏడుతో ఆపేసి చేను పట్టాడు, నేను ఆపకుండా చదివి ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని పట్టాను. ఎవరి నిర్ణయం మంచిదో ఇద్దరం ఇంతవరకు తేల్చుకోలేదు. నేను పోయేసరికి జొన్నచేలో కలుపు పోవడానికి ఎద్దులతో గుంటుక తోలుతున్నాడు. పైరుకు మూతి పెట్టకుండా ఎద్దుల మూతులకు తాళ్లతో అల్లిన బుట్టలు కట్టి ఉన్నాయి. వాటిని చిక్కెం అంటారు.

మధ్యాహ్నం వాళ్లింట్లో జొన్నరొట్టె, పుంటికూర, మీద చల్లటి అంబలి. తిన్నాక డాక్టరు చెప్పిన ఒక మాట గుర్తొచ్చింది. పగలు మెలకువగా ఉన్నప్పుడు రోజూ గంటసేపు తొడుగు పెట్టుకుని కూర్చోవాలని ఆయన అన్నాడు. ఇంట్లో పిల్లల ముందు నామోషీ అనిపించి ఒక్కరోజూ ఆ పని చెయ్యలేదు. ఇక్కడ అరుగు మీద కూర్చుని, సిగ్గు చంపుకుని తగిలించుకున్నాను.

బాలకిష్టయ్య భార్య లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఎద్దులకు కట్టినట్టె ఉన్నది గదా అన్నా."

బాలకిష్టయ్య నవ్వలేదు. దగ్గరికి వచ్చి, సంతలో పశువును చూసినట్టు నా ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముక్కు పక్కన గాట్ల మీద వేలు పెట్టాడు.

"ఎవరు కట్టిండ్రు గింత గట్టిగ?"

"నేనే. గాలి పక్కలకెల్లి పోతుంది. పోతె ఇంక జర గుంజుత." నోరు తెరవగానే గాలి నోట్లోంచి బుస్సున బయటికి వచ్చింది.

"గుంజితె ఆగుతుందా?"

"ఇంక ఎక్కువ పోతుంది."

"మరి ఎందుకు గుంజుతవ్?"

ఈ ప్రశ్న ఇన్ని రోజుల్లో నాకు నేను వేసుకోలేదు. ఆయన రెండు పట్టీలూ సగానికి సగం వదులు చేశాడు. పట్టీ కిందికి చూపుడువేలు, మధ్యవేలు దూర్చి చూశాడు. "రెండు వేళ్లు దూరాలె. ఎద్దుకు గుడ గంతే. మూతి మెసలనీకె జాగ ఉండాలె. గట్టిగ కడితె పుండు పడ్తది. పుండు పడ్డ ఎద్దు మల్ల జన్మల చిక్కెం కట్టనియ్యదు."

ఈసారి యంత్రం ఆన్ చేస్తే తొడుగు అంచున్న మెత్తటి రబ్బరు గాలికి ఉబ్బి, దానంతట అదే ముఖానికి ఆనుకుంది. కంట్లోకి కొట్టే గాలి ఆగిపోయింది. బిగించినప్పుడల్లా నేను ఆ రబ్బరును నలిపేస్తున్నానన్నమాట. యంత్రంతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆ సంగతి ఉందని ఇంటికి వచ్చాక చూశాను. ఊళ్లో అందరి పుస్తకాల్లో అక్షరదోషాలు వెతికే నేను, నా ముక్కుకు సంబంధించిన పుస్తకం మాత్రం తెరవలేదు.

"కొత్త కోడెకు ఏకంగ చేన్ల కట్టం" అన్నాడు బాలకిష్టయ్య బీడీ ముట్టించుకుంటూ. "కడితె కాడి ఇర్గగొడ్తది. మొదలు కొట్టంల కడ్తం, పని లేనప్పుడు. జరసేపు ఉంచి ఇప్పుతం, ఇప్పంగనె ఇంత గడ్డి ఏస్తం. రెండు మూడు దినాలు తల ఇదిలిస్తది. దాని వెనక ఇదిలియ్యదు. నువ్వు కొట్టంల కట్టకుంట సీద చేన్లకు దిగితివి."

ఎద్దుతో పోల్చినందుకు కోపం తెచ్చుకోవాలనే ఉంది. కానీ డాక్టరు పగలు పెట్టుకోమన్నదీ ఇదే కదా. ఆయన చెప్పినప్పుడు తల ఊపి వచ్చేశాను, ఈయన చెప్పినప్పుడు బుద్ధిగా కూర్చున్నాను. పొద్దు గుంకేదాకా తొడుగు పెట్టుకునే ఉన్నాను. నోరు తెరిస్తే గాలి పోతుంది కాబట్టి వాళ్లు మాట్లాడటం, నేను తలాడించడం. "మొగోళ్లందరికి ఇసుంటిది ఒకటి కడితె ఇల్లు నిమ్మలంగ ఉంటది" అంది లక్ష్మమ్మ. మధ్యమధ్యలో విప్పినప్పుడల్లా ఆమె దోసెడు వేయించిన పల్లీలు తెచ్చి చేతిలో పోసేది. గడ్డి వెయ్యడమంటే అదేనని నాకు తర్వాత తట్టింది.

ఆ రాత్రి కరెంటు పోలేదు. పడుకున్నది తెలుసు, ఆ తర్వాత కోడి కూసింది తెలుసు. మధ్యలో కల వచ్చింది. బస్సు కండక్టరు నాకు చిల్లర ఇవ్వాలి, ఇవ్వకుండా నవ్వుతున్నాడు, అంతే. ఇంత పనికిమాలిన కల ఎవరికీ వచ్చి ఉండదు. కానీ నాకు కల రాక ఎన్నేళ్లయిందో గుర్తులేదు. తొడుగు విప్పి ఒళ్లో పెట్టుకుని, లేచినవాళ్లకు కనబడకుండా గోడ వైపు తిరిగి ఏడ్చాను.

నాగర్‌కర్నూల్

కుర్మయ్య బస్టాండుకే వచ్చాడు. ఇంటికి పోయే దారిలో రెండుసార్లు వాడి తల వాలింది. జీపు నడపమని పక్కన ఉన్న ఇంకో డ్రైవరుకు ఇచ్చాడు గనక సరిపోయింది. మరదలు అంజమ్మ నాటుకోడి వండింది. తింటూ తింటూ వాడు రొట్టె చేతిలో పట్టుకునే కళ్లు మూశాడు. అంజమ్మ అలవాటైన చేత్తో వాడి మోకాలు తట్టింది. వాడు ఏమీ జరగనట్టు నమలడం మొదలుపెట్టాడు.

"కుర్మయ్యా, ఫోన్ల అబద్ధం చెప్పిన" అన్నాను. "నిన్న ఒక్కరాత్రే నిండ పండుకున్న. అంతకు ముందు ఒక్కరాత్రి గుడ పండుకోలేదు."

"తెల్సు" అన్నాడు. "నాలుగు దినాలు ఎవడన్న ఊర్కనె తిరుగుతడా?"

అంజమ్మ లోపలి గదిలో పడుకుంది. మా ఇద్దరికీ ముందు గదిలో రెండు మంచాలు పక్కపక్కనే వేశారు. నేను పట్టీల కింద రెండు వేళ్లు దూర్చి చూసుకున్నాను. వాడు మోచెయ్యి మీద లేచి నన్ను చూస్తుండగానే నిద్ర పట్టేసింది.

తెల్లారి లేచేసరికి వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూర్చున్నచోటే నిద్రపోగల మనిషి, ఆ రాత్రి పడుకోలేదు.

"ఏందిరా, పండుకోలేదా?"

"నీ సప్పుడు లేకుండె అన్నా. ఈసమెత్తు సప్పుడు లేకుండె. మూడుసార్లు లేసి నీ రొమ్ము మీద చెయ్యి పెట్టి సూసిన."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

"నాయిన పోయిన రాత్రి పక్కల పండుకున్నది నేనే" అన్నాడు. "నువ్వు హైదరాబాద్‌ల సదువుతుంటివి. రోజు ఆ గురకకు నాకు నిద్ర వచ్చేది కాదు. ఆ రాత్రి ఒక్కపారి సప్పుడు ఆగింది. జరసేపు సూసిన, మల్ల రాలేదు. అబ్బ, ఇయ్యాల మంచిగ పండుకోవచ్చు అనుకున్న. సంబరమైంది అన్నా నాకు. అటు మల్లి పండుకున్న. తెల్లారి అమ్మ ఏడుస్తుంటె లేసిన."

నాయన పోయి ముప్పై రెండేళ్లు. అప్పుడు వీడికి పద్నాలుగు. ఊరు ఊరంతా పుణ్యాత్ముడు, పుణ్యాత్ముడు అంటుంటే వీడు ఒక్కడే ఆ మాట అనేవాడు కాదు, వినగానే లేచి వెళ్లిపోయేవాడు. తండ్రంటే ప్రేమ లేదని నేను ఒకసారి కోప్పడ్డాను కూడా. వాడి చెయ్యి పట్టుకున్నాను. నాకు తోచింది చెప్పాను. ఆ గురక రోగమని అప్పుడు మనకెవరికీ తెలియదని, తెలిసిన పెద్దలెవరూ లేరని, పక్కన నేనున్నా అటు తిరిగి పడుకునేవాణ్ణేనని. వాడు వింటున్నాడో లేదో తెలియలేదు. నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. అంజమ్మ రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, మా ముఖాలు చూసి, అక్కడ పెట్టి పోయింది.

వాడు అడిగాడు. "ఆ దవాఖానల ఎన్ని రాత్రులు పండబెడ్తరు?"

"ఒక్కటే."

"పక్కల ఎవరన్న ఉండనిస్తరా?"

"నేనుంట."

వాడు టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు, తాగలేదు.

"అయితె నువ్వు పండుకోవద్దు మరి."

పక్క గదిలో కంప్యూటర్ ముందు ఒక మనిషి రాత్రంతా మేలుకుని చూస్తూనే ఉంటాడని, తోడు వచ్చినవాళ్లు మేలుకోవాల్సిన పనే లేదని నాకు తెలుసు. ఆ మాట చెప్పలేదు.

"పండుకోను" అన్నాను.